మేడి పట్టిన యంత్రం

లండన్‌లోని సైన్స్ మ్యూజియం భద్రపరచిన వ్యవసాయ యంత్రాలలో 1933 నాటి ట్రాక్టర్ ఒకటి ఉన్నది. ఒడలంతా నల్లరంగు పూయడంచేత దానికి ‘బ్లాక్ ట్రాక్టర్’ అనే పేరు స్థిరపడింది. చూపులకు సామాన్యమైనదే. కాని ట్రాక్టర్ నడిపే రైతు ప్రాణానికి రక్షణ కల్పించిన ఒక గొప్ప ఊహ అందులో రూపుదాల్చింది.

దాని నిర్మాత హారీ ఫెర్గూసన్ ఐర్లండుకు చెందిన రైతుబిడ్డ. 1909లో స్వయంగా నిర్మించిన విమానంలో ఎగిరి, ఐర్లండులో ఆ ఘనత సాధించిన ప్రథముడైనాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఆహారపు కొరత వేళ, 1917లో, ఐర్లండులోని ట్రాక్టర్ల పనితీరును మెరుగుపరచే బాధ్యతను ప్రభుత్వం అతనికి అప్పగించింది. ఊరూరా తిరిగి చూసిన అతనికి ఆ యంత్రాల లోపం బోధపడింది.

ఆనాడు నాగలిని బండికి తగిలించినట్లే ట్రాక్టరు వెనుక తగిలించేవారు. కర్రు ఏ రాతికో, వేరుకో తగిలి నాగలి నిలిచిపోతే చక్రాల బలానికి ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, యంత్రమంతా వెనుకకు తిరగబడేది. కింద నలిగి ఎందరో చోదకులు మరణించారు. ట్రాక్టరు బరువు పెంచితే ఇంధనం ఎక్కువ కావడమే కాక, నేల గట్టిపడుతుంది.

ట్రాక్టరు, నాగలి ఒకే శరీరం కావాలని ఫెర్గూసన్ భావించాడు. ఆ ఊహ తుదిరూపంలో, కింద రెండు, పైన ఒకటి, మూడు ఇనుప కడ్డీలు నాగలిని ట్రాక్టరుతో కలుపుతాయి. కర్రుకు నేల ఎదురొడ్డినప్పుడు పైకడ్డీ ట్రాక్టరును ముందుకు నెడుతుంది. ముందుచక్రాలు నేలను విడువవు. ఆ ఒత్తిడినిబట్టే చమురు పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ యంత్రాంగం నాగలిని పైకెత్తుతూ, కిందికి దించుతూ ఉంటుంది. నేల గట్టిదనాన్ని చేతితో గ్రహించి సేద్యగాడు మేడిని అదిమినట్లు, సడలించినట్లే ఇదీను. యుగాలుగా మనిషి చేయి ఎరిగిన విద్యను ఫెర్గూసన్ ఇనుముకు నేర్పాడు.

1938లో హెన్రీ ఫోర్డుతో అతడు కుదుర్చుకున్న ఒప్పందానికి సంతకాలు లేవు, కరచాలనమే ప్రమాణం. మరుసటి ఏడాదే ఆ ట్రాక్టర్లు వెలువడ్డాయి. ఫోర్డు 1947లో మరణించిన పిదప సంబంధం తెగి, వ్యాజ్యం నడిచింది. 1952లో ఫెర్గూసన్‌కు 92 లక్షల 50 వేల డాలర్లు చెల్లించడంతో అది ముగిసింది. అంతకుమునుపే, 1946లో, ఇంగ్లండులోని కోవెంట్రీలో అతని చిన్న బూడిదరంగు ట్రాక్టరు తయారీ మొదలై, పదేళ్లలో ఐదు లక్షలు దాటింది. వాటిలో కొన్నింటిని మార్చుకుని ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరిలో దక్షిణ ధ్రువం చేరింది.

ఫెర్గూసన్ 1960లో కన్నుమూశాడు. అదే ఏడాది మద్రాసులో నెలకొన్న ‘టాఫే’ సంస్థ మాసీ ఫెర్గూసన్ పేరిట ట్రాక్టర్లను భారతీయ రైతులకు అందించసాగింది. పేటెంట్ల గడువులు తీరాక ఆ మూడు కడ్డీల పద్ధతి లోకమంతటి సొత్తయింది. నేడు గోదావరి మాగాణిలో గాని, తెలంగాణ చెలకల్లో గాని దున్నుతున్న ట్రాక్టరు వెనుకభాగాన్ని గమనిస్తే ఆ మూడు కడ్డీలు కనిపిస్తాయి. ఏ కంపెనీ ముద్ర ఉన్నా, వాటి మూలపురుషుడు లండన్‌లోని ఆ నల్లని ట్రాక్టరే.