పెరట్లో పాలేరు

“వెన్నెముక లేని మనిషి” అంటే ఎవరికైనా కోపం వస్తుంది. కాని లెక్క తీస్తే, భూమ్మీది జంతుజాతుల్లో నూటికి 95కు పైగా వెన్నెముక లేనివే! నత్త, జలగ, పీత, రొయ్య, తేలు, సీతాకోకచిలుక అన్నీ ఆ వంశమే. చేప, కప్ప, పాము, పక్షి, మనం - వెన్నెముక గలవాళ్లం గుప్పెడు మందిమి.

ఆ పెద్ద సంసారంలో మన ఇరుగుపొరుగు వానపాము. పేరుకే పాము, పాముకు వెన్నెముక వుంది, దీనికి లేదు. గాలం వేసేవాళ్లు దీన్ని ‘ఎర్ర’ అంటారు. సంస్కృతంలో ‘మహీలత’, అంటే నేలతీగ. తెలుగు పంతుల్ని గనుక నాకా పేరు ముద్దొస్తుంది. మా ఆవిడకు మాత్రం ఏ పేరు పెట్టినా ఒళ్లు జలదరింపే!

దాని ఒళ్లంతా వుంగరాల వరస. వాటికి కంటికి ఆనీ ఆనని ముళ్లుంటాయి. ముందుభాగం సాచి, ముళ్లతో మట్టి పట్టుకొని, వెనుకభాగాన్ని లాక్కుంటుంది. కళ్లు లేవు, అయినా వెలుతురు సోకితే చర్మానికి తెలుస్తుంది. వూపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. అందుకే ఎండలో చర్మం ఆరిందా, ప్రాణం పోయినట్టే. పిల్లలు సరదాకు వుప్పు చల్లితే ఒంట్లో నీరంతా బయటికి వచ్చి చస్తుంది. ఆడా మగా ఒక్క దేహంలోనే వున్న అర్ధనారీశ్వరం అది!

“రెండుగా కోస్తే రెండు వానపాములవుతాయటగా మాస్టారూ?” అని ఒక కుర్రవాడు నన్నడిగాడు. కావు నాయనా! తలవైపు ముక్క ఒక్కొక్కప్పుడు బతికి తోక మొలిపించుకుంటుంది. తోకముక్క మాత్రం సాధారణంగా కాసేపు గిలగిల కొట్టుకొని ఆగిపోతుంది.

ఇంతకీ దీనివల్ల మనకేమిటి? చార్లెస్ డార్విన్ 1842లో ఇంగ్లండులో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించి, 29 ఏళ్లు ఓపికపట్టాడు. 1871లో తవ్విస్తే ఆ సుద్ద 7 అంగుళాల లోతున వుంది! వానపాములు కింది మట్టి తిని, పైకి తెచ్చి విసర్జించి, ఏటికేడాదీ దాన్ని కప్పేశాయి. వాటికి ఆయన పియానో కూడా వినిపించాడు. ఉలకలేదు, పలకలేదు. కుండీలను పియానో మీదనే పెట్టి మీటితే, అదురు తెలిసి బొరియల్లో దూరాయి. యీ ముచ్చట్లన్నీ 1881లో పుస్తకంగా వేశాడు. అదే ఆయన ఆఖరి పుస్తకం.

అవి తొలిచిన దారులవెంట గాలి, వాననీరు వేళ్లకు అందుతాయి. రాలిన ఆకు వాటి కడుపులోపడి ఎరువై వస్తుంది. రైతు దేశానికి వెన్నెముక అంటాం. ఆ రైతు చేను జీతం బత్తెం లేకుండా దున్నే పాలేరుకు వెన్నెముకే లేదు! చాలా పురుగుమందులు చీడతోపాటు ఆ పాలేరునూ పొట్టన పెట్టుకుంటున్నాయి. మందు మోతాదు మించితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

యీసారి వాన వెలిశాక గచ్చు మీద వానపాము కనిపిస్తే చీపురు తీయకండి అమ్మా! ఒక ఆకుతో ఎత్తి తులసికోట పక్క తడిమట్టిలో వదలండి. మిగతా పని అదే చూసుకుంటుంది.