తడిగుడ్డ సలహా చేతులు కాలుస్తుంది

సంపాదకులకు,

ఇనుప కట్టెల పొయ్యి తలుపు పిడి కాలితే తడిగుడ్డతో పట్టుకోమని మీ వంటింటి శీర్షికలో రాశారు. ఈ సలహా వింటే చేతులు కాలతాయి. పొడిగుడ్డ పోగుల మధ్య ఉండే గాలి వేడిని అడ్డుకుంటుంది. గుడ్డ తడిస్తే ఆ గాలి చోట నీళ్లు చేరతాయి. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేడిని చేరవేస్తుంది. పైగా కాలిన ఇనుము తగలగానే ఆవిరి పుట్టి అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. మసిగుడ్డ పొడిగా ఉండాలి, నాలుగు మడతలు వేసి పట్టుకోవాలి.

'పిడి కాలడం మామూలే, అలవాటు చేసుకోవాలి' అన్న మాటా సరికాదు. లోపం పిడిలో ఉంది. మా తీరంలో సరుగుడు కట్టెలు వాడతాం. వాటి సెగ తీవ్రం. మామూలు ఇనుప కడ్డీ ఆ వేడిని నేరుగా చేతిదాకా తెస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అందులో సుమారు మూడో వంతే తెస్తుంది, ఉప్పుగాలికి అంత తొందరగా తుప్పూ పట్టదు. దానికి కొయ్యపిడి బిగిస్తే ఇంకా మేలు. పొయ్యిలు చేసేవాళ్లు ఆ పని చెయ్యాలి. మీరు వెంటనే సవరణ వెయ్యాలి.

— ఒక గృహిణి,
మైపాడు, నెల్లూరు జిల్లా