పాత కార్టూన్ అని నవ్వకండి

అనిమే అంటే మన జూనియర్లకు నరుటో, డీమన్ స్లేయర్. మోగ్లీ పేరెత్తితే "అది పాత కార్టూన్ అన్నా" అని నవ్వుతారు.

కానీ మిత్రులారా! ఆ 'జంగిల్ బుక్' కూడా అనిమేయే. 1989లో జపాన్‌లో నిప్పాన్ యానిమేషన్ వాళ్ళు 52 భాగాలుగా తీశారు. 1993లో దూరదర్శన్ హిందీలో వేసింది. షేర్‌ఖాన్ గొంతు నానా పటేకర్‌ది. రేపల్లె దగ్గర మా ఊళ్ళో మా నాన్న, హిందీ ముక్క రాకపోయినా, ఆదివారం పక్కింటి గుమ్మం బయట నిలబడి చూసేవాడట. సెలవుల్లో నాన్న ఫోన్లోనే నేనూ చూశాను.

కొత్త వాటిలో పోరాటాలు ఎక్కువ. ఇందులో ఒక పిల్లవాడు పెరగడం ఉంది. కన్నవాళ్ళు దగ్గర లేని మోగ్లీని తోడేలు తల్లి సాకింది. బాలూ పాఠాలు చెప్పాడు. బఘీరా కాపు కాశాడు. మనం పెట్టె పట్టుకుని హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి గుర్తు తెచ్చుకోండి. ఏడుస్తుంటే దుప్పటి కప్పిన సీనియర్ అన్నే మన బఘీరా. అందుకే మోగ్లీ మన హాస్టల్ పిల్లవాడే అంటాను.

మన తెనాలి చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు 1947లో 'చందమామ' పెట్టి దేశదేశాల కథలు తెలుగులో చదివించారు. 1990ల తొలినాళ్ళలో జపాన్, భారత్ కళాకారులు కలిసి తీసిన రామాయణం అనిమే 2025 జనవరిలో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. ఇలాంటి పాత సీరియళ్ళన్నీ మన మాటలతో రావాలని నా అభిప్రాయం.

అప్పుడు నాన్నను గుమ్మం బయట కాదు, నా పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను.