దడి లేని చేనులో ఇక మంద కట్టం

బెల్లంపల్లి, కాసిపేట, తాండూరు, నెన్నెల మండలాల గొల్ల కురుమలకు, మంద పెట్టించుకునే రైతులకు, సర్పంచులకు:

మొన్న ముసురు పట్టిన రాత్రి ఒక పత్తిచేనులో కట్టిన మందలో తెల్లారేసరికి ఏడు గొర్రెపిల్లలు కొయ్యబారి పడున్నాయి. చుట్టూ వల, పైన ఆకాశం. కాపరి తన గొంగడి తీసి రెండింటి మీద కప్పాడు. ఆ రెండే లేచాయి.

ఒట్టి ఇగానికి గొర్రె అంత తొందరగా చావదు. ఒళ్లు తడిసి, దాని మీద ఉత్తరపు గాలి కొడితే నిలవదు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను ఎక్కడో కాట్రేనికోన దగ్గర తీరం దాటితే, ఆ ముసురుకు ఇక్కడ తెలంగాణలో గొర్రెలు చచ్చాయి. అప్పుడైనా ఒక్క రేకు వేశామా?

మన తాతల నల్లగొర్రె తన గొంగడి తానే మోసుకు తిరిగేది. 2017 జూన్ 20న సర్కారు గొర్రెల పంపిణీ పథకం మొదలైంది: 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 1,25,000 రూపాయలు. మన వాటా 31,250 అప్పు తెచ్చి కట్టాం. వచ్చినవేమో ఎక్కువగా ఆంధ్ర వైపు నుంచి లారీల్లో దిగిన పొట్టివెంట్రుక జీవాలు. మాంసానికి మంచివే, కాదనం. ఉన్ని లేని ఆ ఒంటిని తిర్యాణి గుట్టల గాలికి వదిలారు. ఆ పథకంలో రవాణాకు లెక్క ఉండేది, బీమా ఉండేది, చెవికి పోగు ఉండేది, కొట్టం మాత్రం లేదు! చచ్చాక పోగు చూపించమనే సర్కారు, బతికుండగా పైకప్పు అడిగితే ముఖం తిప్పుకుంటుంది. ఉపాధి హామీ చట్టంలో మేకల, పశువుల కొట్టాలకు చోటుంది కదా, మీ ఊళ్లో ఎన్ని కట్టారో లెక్క చెప్పండి సర్పంచ్‌గారూ.

1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల మందులబండి వస్తుందంటారు. రానీ. తడిసిన పిల్లను సూది ఆరబెట్టదు. కాపరులు తిరిగేవాళ్లు, కొట్టమెందుకంటారు. వానాకాలం మొదట్లో చూలు కట్టిన గొర్రె అయిదు నెలలకు, సరిగ్గా చలి ముదిరినప్పుడు ఈనుతుంది. పచ్చిపిల్లను వేసుకుని ఎక్కడికి తిరుగుతాం?

రైతన్నా, ఎరువు నీకే కదా. ఉత్తరం దిక్కున పత్తికట్టె దడి కట్టు, కింద వరిగడ్డి పరువు. పైన తాడిపత్రి మేం తెచ్చుకుంటాం. దడి లేని చేనులో పుష్యం దాటేదాకా మంద కట్టం. ఎంత ఇస్తామన్నా కట్టం.

బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా టింబర్ నిలబెట్టిన చేతులు ఈ బెల్లంపల్లిలో ఇంకా ఉన్నాయి. ఆ పెద్దమనుషులు పూనుకుంటే కొట్టం ఒక పూట పని. ఒక్క మాట: కొట్టం లోపల బొగ్గు కుంపటి పెట్టొద్దు. గాలాడని చోట దాని విషవాయువు ఏం చేస్తుందో బొగ్గూరి వాళ్లకు చెప్పాలా? పుట్టిన పిల్లను గోనెసంచితో పొడిగా తుడిచి, గంటలోపు ముర్రుపాలు తాగించండి.

సోమవారం మంచిర్యాల ప్రజావాణికి పోతున్నాం. గొంగళ్లు కప్పుకుని రండి. చచ్చిన జీవాల చెవిపోగులు పారెయ్యకుండా మూటగట్టి తెండి, కలెక్టర్ బల్ల మీద పోద్దాం.