ఆ తల్లి ప్రశ్నకు నిధులేవి?

కొండగట్టు అంజన్న దగ్గర నలభై రోజులుంటే మతి కుదుటపడుతుందన్న నమ్మకంతో పిల్లల్ని తీసుకొచ్చే తల్లులతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె నన్నడిగింది. "దవాఖానకు పోయిన, గుడికొచ్చిన. బిడ్డ పెద్దమనిషైంది. నెలనెలా బట్ట పెడ్తే ఒంటికి తగలనియ్యది, గుంజి పారేస్తది. ఎట్ల అలవాటు చెయ్యాలె మేడమ్?"

సోషియాలజీలో డాక్టరేట్ ఉన్న నాకు జవాబు తెలియలేదు. ఆ పిల్లకు ఆటిజం. స్పర్శ, చప్పుడు, వెలుతురు ఆటిజం ఉన్న చాలామందికి భరించలేనంత తీవ్రంగా తగులుతాయి. మరి ఏ గుడ్డయితే ఓర్చుకుంటారు, ఎప్పటినుంచి అలవాటు చేయాలి, ఏ బొమ్మలతో చెప్పాలి? ఇవి ఇక్కడి ఇళ్లలో కూర్చుని తేల్చాల్సిన సంగతులు. నా విద్యార్థిని ఒకామె ఆ పనికి పూనుకుని ఆరు నెలల ఖర్చు అడిగితే, ఒక ఎంపిక కమిటీ "ఇది పరిశోధన కాదు, సంఘసేవ" అని తిప్పి పంపింది. కారణాలు వెతికితేనే పరిశోధన కాబోలు!

ఆ వెతుకులాట ఆడవాళ్లకు ఏం చేసిందో మరచిపోలేం. 1943లో లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లల్లో ఆడపిల్లలు ముగ్గురే. ఆ తర్వాత నింద తల్లుల మీదికి వచ్చింది. వాళ్లలో ప్రేమ లేకపోవడమే కారణమంటూ బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పుస్తకమే రాశాడు. అది తప్పని శాస్త్రం తేల్చి చాలా కాలమైంది. మన ఊళ్లలో అత్తగార్లు మాత్రం ఇప్పటికీ అదే తీర్పు చెప్తున్నారు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. వికలాంగుల సాధికారతకు అవసరమైన పరిశోధనను ప్రభుత్వమే చేపట్టాలని, వ్యక్తుల చేతా సంస్థల చేతా చేయించాలని ఆ చట్టం 28వ సెక్షన్ చెప్తోంది. విద్యార్థులు వ్యక్తులు కారా? రాష్ట్ర నిధి ఏర్పాటు చేయాలని 88వ సెక్షన్ ఉండనే ఉంది.

కొండగట్టు పక్కనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మాట రాని పిల్ల తనకేం కావాలో చూపించగల తెలుగు బొమ్మల పలకను అక్కడి విద్యార్థులు, సోషియాలజీ విద్యార్థులు కలిసి తయారుచేయగలరు. దానికి లక్షలక్కర్లేదు. కానీ డబ్బు ఎవరికివ్వాలో నిర్ణయించే బల్ల దగ్గర ఆటిజం ఉన్నవాళ్లూ, ఆ తల్లులూ కూర్చోవాలి. బీడీలు చుట్టడం మానుకుని మన ప్రశ్నలకు జవాబు చెప్పే తల్లికి ఆ పూట కూలి లెక్కగట్టి ఇవ్వాలి. గ్రాంటు దరఖాస్తుల్లో ఆ ఖర్చుకు ఒక గడి ఉండటం నేనింతవరకూ చూడలేదు.

మా విద్యార్థిని సొంత ఖర్చుతోనే తిరుగుతోంది. ఇప్పటికి మూడిళ్లయ్యాయి.