సోఫాకు పట్టిన వాసన

ఇంట్లో కుక్కపిల్లో పిల్లో ఉంటే పిల్లలకు పండుగే. కాని అది ఒకనాడు ముందుగదిలోని సోఫా తడిపిందంటే, ఆ భారమంతా ఇల్లాలి మీద పడుతుంది. చుట్టాలు వచ్చే వేళకు అగరువత్తులు వెలిగించి, ఇంత అత్తరు చల్లి సరిపెట్టుకుంటాం. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ముసురు పట్టగానే మళ్ళీ గుప్పుమంటుంది. "ఈ ఇంట్లో సోఫా అయినా ఉండాలి, పిల్లి అయినా ఉండాలి" అనేదాకా వస్తుంది వ్యవహారం. నిజానికి రెండూ ఉండవచ్చును.

మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ముక్కు పగిలే ఘాటు దానిదే. ఇది కడిగితే పోతుంది. రెండవది యూరిక్ ఆమ్లం. ఇది నీటిలో సులభంగా కరగదు. సన్నని పలుకులుగా గుడ్డలోనూ, లోపలి దూదిలోనూ ఉండిపోతుంది. గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా వాసన తిరిగి లేస్తుంది. అత్తరుతో దాన్ని కప్పగలమే గాని పోగొట్టలేం.

తడి ఆరకముందే చూస్తే సగం పని అయినట్టే. పాత నూలుగుడ్డను మడతపెట్టి గట్టిగా అదమండి. రుద్దకండి, రుద్దితే తడి లోపలికి దిగుతుంది. చన్నీళ్ళు కొద్దిగా చల్లి మళ్ళీ అదమండి. వేడినీళ్ళు వద్దు. తరువాత ఒక గ్లాసు తెల్ల వెనిగర్‌లో రెండు గ్లాసుల నీళ్ళు కలిపి అద్ది, కాసేపాగి తుడవండి. పూర్తిగా ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, ఉదయం దులిపేయండి. వెనిగర్‌నూ సోడానూ ఒకేసారి కలిపితే ఒకదాని గుణం మరొకటి చంపుకుంటుంది సుమా!

పాత మరకకు ఇవి చాలవు. పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణాల్లో ఇందుకోసమే ఎంజైము ద్రావణాలు దొరుకుతున్నాయి. మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రావణం కూడా అంత లోతుకు దిగాలి. పైపైన చిలకరిస్తే డబ్బు దండుగ. సీసాపై రాసినంతసేపు తడిగా ఉంచి, ఆపైన గాలికి ఆరబెట్టండి. గలీబు ఊడివచ్చేదైతే లోపలి దిండును విడిగా శుభ్రం చేయండి. ఏ మందైనా ముందు సోఫా వెనుక, కనబడని చోట అద్ది, రంగు పోదని తెలుసుకున్నాకే వాడండి.

బ్లీచింగు పౌడరు మాత్రం వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఫినాయిలు కూడా పిల్లులున్న ఇంట కూడదు. అందులోని ఫినాల్ జాతి పదార్థాలు పిల్లికి విషం. అది పాదాలు నాకుతుంది గదా!

ఇక ముఖ్యమైన మాట. పిల్లినో కుక్కనో కొట్టకండి, మూతి మరకకేసి రాయకండి. అవి భయపడి, మీకు కనబడని మూల వెతుక్కుంటాయి, అంతే. చక్కగా బయటికి వెళ్ళే అలవాటున్న జంతువు ఉన్నట్టుండి సోఫా తడిపితే, అది కొంటెతనం కాకపోవచ్చు. మూత్రకోశం వాపు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే, తెల్లవారనిద్దామని ఆగకుండా వెంటనే పశువైద్యునికి చూపించండి. మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు సోఫా సంగతి తరువాత చూసుకోవచ్చు.