ఎండ మనకి కొత్తా?

"బెజవాడ ఎండల్లో పుట్టి పెరిగినోళ్ళం బాసూ, ఇదొక లెక్కా!" ఫీనిక్స్‌లో దిగిన తెలుగువాడు మొదటి వేసవిలో కచ్చితంగా కొట్టే డైలాగు ఇది. నాకు మాత్రం వింటే భయమేస్తుంది.

బెజవాడలో ఎండకి చొక్కా తడిసి ముద్దవుతుంది. నీళ్ళు తాగమని ఒళ్ళే చెప్తుంది. ఇక్కడ గాలిలో తేమ ఉండదు కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగా ఉంటే బానే ఉన్నామనుకుంటాం. కొండెక్కుతుంటే ఒంట్లోంచి గంటకి లీటరు నీళ్ళు పోయినా తెలీదు. అచ్చం మెమరీ లీక్ లాంటిది. అప్లికేషన్ నడుస్తూనే ఉంటుంది, ఉన్నట్టుండి కుప్పకూలుతుంది.

మొన్న మే నెలలో రిలీజు అయ్యాక ఓ మంగళవారం కాంప్ ఆఫ్ దొరికింది. తెల్లారీ తెల్లారకముందే పయెస్టెవా పీక్‌కి వెళ్ళాను. 2003లో ఇరాక్ యుద్ధంలో చనిపోయిన హోపీ తెగ అమ్మాయి లోరీ పయెస్టెవా పేరు పెట్టారు ఆ కొండకి. (పాత పేరు ఆదివాసీ ఆడవాళ్ళని కించపరిచేది, మార్చి మంచి పని చేశారు.) ట్రెయిల్ పట్టుమని మైలుంపావు ఉండదు, కానీ ఆ కాస్తలోనే దాదాపు 1,200 అడుగులు ఎక్కాలి. దారి పొడుగునా సవారో జెముళ్ళు. వాటికి మొదటి కొమ్మ రావడానికే 50 నుంచి 75 ఏళ్ళు పడుతుందట. అంటే కొమ్మలున్న ప్రతిదీ మా నాన్న వయసుదో, తాతయ్య వయసుదో. నీడ మాత్రం అడక్కండి!

ఎనిమిదిన్నరకి నేను దిగుతుంటే ఇద్దరు మనవాళ్ళు ఎక్కుతున్నారు. ఇద్దరికీ కలిపి అరలీటరు సీసా. "తమ్ముడూ, ఇవి చాలవు" అంటే "పైకెళ్ళి రావడమే కదన్నా" అన్నారు. నా దగ్గర మిగిలిన సీసా ఒకతను తీసుకున్నాడు. రెండో అతను నవ్వి ముందుకెళ్ళిపోయాడు.

ఆ "రావడమే" దగ్గరే ఉంది అసలు సంగతి. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎండ ముదురుతుంది, కాళ్ళు వణుకుతుంటాయి, నీళ్ళు అయిపోయుంటాయి. సగం నీళ్ళు తాగేశామంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే. శిఖరం ఇంకో వంద అడుగులే అయినా సరే.

2021 వేసవిలో ఇక్కడి కేమెల్‌బ్యాక్ కొండ మీద జనాన్ని కాపాడబోయిన ఫైర్‌మెన్ కూడా వేడికి జబ్బుపడ్డారు. ఆ ఏడాదే విపరీతమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో ఈ రెండు కొండల ట్రెయిల్స్‌నీ పట్టపగలు మూసేయడం మొదలెట్టారు. "మా రిస్కు మాది, మూయడానికి వీళ్ళెవరు" అనేవాళ్ళు మా టీములోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. మీరు పడిపోతే మోసుకు దించేవాడు అదే ఎండలో ఎక్కి రావాలి కదా, వాడి రిస్కు ఎవరిది?

అయితే హెచ్చరిక లేని రోజున గేటు తెరిచే ఉంటుంది, ఆపేవాడు ఉండడు. 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే కుక్కల్ని ట్రెయిల్స్ మీదకి తేకూడదని 2016 నుంచీ రూలుంది. మనుషుల్ని మన విజ్ఞతకే వదిలేశారు.

అన్నట్టు, నవంబరు నుంచి మార్చి దాకా ఇవే కొండలు స్వర్గంలా ఉంటాయి. మనవాళ్ళేమో సెలవులన్నీ డిసెంబరులో ఇండియాకి ఖర్చుపెట్టేసి, మేలో గుర్తొచ్చి కొండెక్కుతారు. అదేంటో!